అపరాధపరిశోధక నవలలో సీలియాక్ వ్యాధి జీవితం: వాస్తవిక చిత్రణ, ఔచిత్యం

వ్యాససంగ్రహం

అపరాధపరిశోధక సాహిత్యం రోగాన్ని ఎక్కువగా రెండు పనులకు వాడుకుంది. ఒకటి, చంపే సాధనంగా. రెండు, చివరి అధ్యాయంలో విప్పే రహస్యంగా. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తు వల్ల చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఈ రెండింటికీ ఒదగదు. అది తక్షణం చంపదు, రహస్యం విడిపోయాక ముగియదు. ఈ వ్యాధితో బతకడాన్ని నమ్మదగినట్టుగా చిత్రించాలంటే రహస్యం ఎక్కడ ఉండాలి, తెలుగింటి వంట, తెలుగు మాట అందుకు ఏ ఆధారాలను ఇస్తాయి అన్న ప్రశ్నలను ఔచిత్యదృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అపరాధపరిశోధక నవల, సీలియాక్ వ్యాధి, గ్లూటెన్, ఔచిత్యం, పథ్యం, తులసిదళం, వాస్తవిక చిత్రణ.

1. ఉపోద్ఘాతం

ఒక ఘట్టాన్ని ఊహించుకుందాం. గృహప్రవేశం విందు. ఒక అతిథి రెండు చెంచాల సేమ్యా పాయసం తిని, గొంతు పట్టుకుని కుప్పకూలుతాడు. అతనికి గోధుమ పడదని తెలిసిన బంధువే కావాలని పాయసం వడ్డించాడని డిటెక్టివ్ చివర్లో తేలుస్తాడు. చదివించే ఘట్టమే. కాని ఆ అతిథికి ఉన్నది సీలియాక్ వ్యాధి అని రచయిత చెబితే ఆ చావు అబద్ధమవుతుంది. సీలియాక్ రోగి గోధుమ తిన్న నిమిషాల్లో ఊపిరాడక చనిపోడు. ఆ ప్రమాదం ఉన్నది గోధుమకు తీవ్రమైన ఎలర్జీ ఉన్నవారికి. ఆ రెండూ వేర్వేరు జబ్బులు.

ఈ తేడా వైద్యులకు వదిలేయవలసిన సూక్ష్మం కాదు. నవలలో రెండు చెంచాలకే చనిపోయిన మనిషిని చూసిన పాఠకుడు, నిజజీవితంలో రెండు చెంచాలు తిని మర్నాడు మామూలుగా కనిపించే మనిషిని నమ్మడు. ‘ఏమీ కాలేదుగా’ అంటాడు. అబద్ధపు చావు ఒకటి నిజమైన బాధ ఎన్నింటినో అబద్ధం చేస్తుంది. వాస్తవిక చిత్రణ అన్న ప్రశ్నలోని బరువు ఇక్కడే ఉంది.

తెలుగులో ఈ సాహిత్యశాఖ 20వ శతాబ్ది తొలి దశకాల్లో బెంగాలీ అనువాదాలతోనూ, దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ వంటి రచనలతోనూ వేళ్లూనుకుంది. శతాబ్ది మధ్యకాలంలో కొమ్మూరి సాంబశివరావు (1926-1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఈ శాఖను సామాన్యపాఠకుల ఇళ్లకు చేర్చారు. కాలక్షేప సాహిత్యమని విమర్శ పక్కన పెట్టినా, లక్షలమంది పాఠకులకు సాక్ష్యం అంటే ఏమిటి, అనుమానం అంటే ఏమిటి, ఎవరి మాట నమ్మాలి అన్నవి నేర్పింది ఈ సాహిత్యమే. ఎవరూ నమ్మని ఒక జబ్బు గురించి మాట్లాడడానికి ఇంతకన్నా తగిన శాఖ లేదు.

11వ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో కావ్యానికి ఔచిత్యాన్ని జీవంగా భావించాడు. దేనికి ఏది తగునో అది అక్కడ ఉండడమే ఔచిత్యం. రోగచిత్రణకూ ఇదే కొలమానం. ఆ జబ్బు స్వభావానికి తగిన కథాగతి ఉందా, లేక కథ అవసరానికి జబ్బు స్వభావాన్ని వంచారా అన్నదే చూడవలసింది.

2. వ్యాధి స్వభావం, వ్యాధి చరిత్ర

సీలియాక్ వ్యాధిలో శరీరపు రోగనిరోధక వ్యవస్థ గ్లూటెన్‌కు ప్రతిస్పందిస్తూ సొంత చిన్నపేగు పొరనే దెబ్బతీస్తుంది. ఆహారసారాన్ని పీల్చుకునే చూషకాలు అరిగిపోతాయి. తిన్నది ఒంటబట్టదు. కొందరిలో విరేచనాలు, కడుపుబ్బరం, బరువు తగ్గడం కనిపిస్తాయి. మరికొందరిలో కడుపు బాధే ఉండదు. ఎంత మందు వాడినా తగ్గని రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, ఎముకలు బలహీనపడడం, సంతానం కలగకపోవడం వంటి రూపాల్లో బయటపడుతుంది. జీవితాంతం గ్లూటెన్ లేని ఆహారమే దీనికి ఉన్న చికిత్స.

ఈ వ్యాధి కారణాన్ని కనుగొన్న తీరే ఒక అపరాధపరిశోధన. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ ఈ జబ్బును స్పష్టంగా వర్ణించి, నయమయ్యే దారి ఏదైనా ఉంటే అది ఆహారంలోనే ఉండాలని భావించాడు. అనుమానితుడు ఇంట్లోనే ఉన్నాడని తెలిసింది, పేరు తెలియలేదు. 1924లో అమెరికా వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం ప్రతిపాదించాడు. పిల్లలు కోలుకున్నారు, కీర్తి అరటిపండుకు దక్కింది. నిజానికి మేలు చేసింది ఆ పథ్యంలో ఉన్న అరటిపండు కాదు, అందులో లేని గోధుమ. పాఠకుణ్ణి పక్కదారి పట్టించే తప్పుడు ఆధారానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ నవలలోనూ దొరకదు.

నెదర్లాండ్స్‌లో పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డిక్కె 1930ల నుంచే గోధుమను అనుమానించాడు. 1944-45 శీతకాలపు కరవులో రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు ఉన్న పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగి రాగానే జబ్బు తిరగబెట్టడం అతని అనుమానానికి బలమిచ్చాయి. 1950 నాటి సిద్ధాంతగ్రంథంలో అతను తన పరిశీలనలను శాస్త్రీయంగా నిలబెట్టాడు. చుట్టూ ఆకలిచావులు ఉండగా కొందరు పిల్లలు మాత్రం ఎందుకు బాగుపడుతున్నారన్న వైరుధ్యమే అక్కడ ఆధారమయింది. సీలియాక్‌లోని రహస్యం చావులో లేదు, అందరికీ బలమిచ్చేది ఒకరిని మాత్రం ఎందుకు తినేస్తోంది అన్న ప్రశ్నలో ఉంది.

3. అపరాధపరిశోధక సాహిత్యంలో రోగం

స్వయంగా వైద్యుడైన కానన్ డాయిల్ 1926లో రాసిన ‘ది అడ్వెంచర్ ఆఫ్ ద బ్లాంచ్డ్ సోల్జర్’ కథలో ఒక సైనికుణ్ణి అతని కుటుంబమే దాచిపెడుతుంది. కుష్ఠు అన్న భయం కారణం. చివరకు అది కుష్ఠు కాదని, దాన్ని పోలిన మరో చర్మవ్యాధి అని నిపుణుడు తేలుస్తాడు. అందరూ ఊరట పొందుతారు, కథ ముగుస్తుంది. ఇక్కడ రోగం రహస్యమే, కాని జీవితం కాదు. ఆ సైనికుడు ఆ చర్మంతో ఎలా బతికాడన్నది కథకు అవసరం లేదు.

అగాథా క్రిస్టీ ‘ది మిర్రర్ క్రాక్డ్ ఫ్రమ్ సైడ్ టు సైడ్’ (1962) మరో దారి చూపింది. జబ్బుతో ఉండి కూడా అభిమానంకొద్దీ నటిని కలవడానికి వచ్చిన ఒక స్త్రీ వల్ల గర్భవతిగా ఉన్న ఆ నటికి రుబెల్లా సోకింది. పుట్టిన బిడ్డ దాని ఫలితాన్ని మోసింది. ఏళ్ల తరువాత జరిగిన హత్యకు మూలం అదే. ఇందులో రోగం ఆయుధం కాదు. ప్రేమతో, తెలియనితనంతో చేసిన హాని అది. చేసినవారికి తాము చేసింది హాని అన్న ఊహే లేదు. సీలియాక్ రోగి రోజూ ఎదుర్కొనే హాని ఈ కోవకు చెందినది. కాబట్టి సీలియాక్ గురించి రాసేవారికి విషప్రయోగపు కథలకన్నా ఈ నవల దగ్గర మార్గదర్శి.

తెలుగులో ఈ చర్చకు దగ్గరగా నిలిచేది యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ధారావాహికగా వచ్చి విశేషమైన ఆదరణను, అంతే వివాదాన్ని పొందిన నవల ఇది. తులసి అనే చిన్నపిల్ల బాధకు చేతబడి కారణమా, వైద్యశాస్త్రం వివరించగల కారణమా అన్న సందిగ్ధం మీద ఉత్కంఠ నడుస్తుంది. క్షుద్రసాహిత్యమన్న విమర్శ ఈ నవలపై బలంగా వచ్చింది. అయితే మన అంశానికి సంబంధించి గమనించదగినది మరొకటి ఉంది. కారణం తెలియక చిక్కిపోతున్న పిల్ల చుట్టూ తెలుగు కుటుంబం ఎలా ప్రవర్తిస్తుందో ఉత్కంఠకు మూలంగా వాడుకోవచ్చునని ఈ నవల నిరూపించింది. తిన్నా ఒంటబట్టని పిల్లకు దిష్టి తీయడం, తాయెత్తు కట్టించడం, ‘ఎవరి కళ్లో పడ్డాయి’ అనుకోవడం మన ఇళ్లలో తెలిసినవే. సీలియాక్ ఉన్న పిల్ల కథ ఇక్కడే మొదలు కావచ్చు. తేడా అల్లా ఒక్కటే. కళ్లు పడ్డాయని పొరుగింటిని అనుమానిస్తున్నంతసేపూ నేరస్థుడు తమ వంటింటి డబ్బాలో ఉంటాడు.

పాశ్చాత్య జనప్రియసాహిత్యంలో గ్లూటెన్ లేని ఆహారమే నేపథ్యంగా రహస్యకథలు వచ్చాయి. నాన్సీ జె. పారా ‘గ్లూటెన్ ఫర్ పనిష్‌మెంట్’ (2013) గోధుమ పండించే కాన్సాస్ ప్రాంతంలో గ్లూటెన్ లేని బేకరీ నడిపే స్త్రీ చుట్టూ అల్లినది. ఊరంతటికీ అన్నం పెట్టే పంటే తనకు పనికిరాని మనిషి ఆ ఊళ్లో పరాయిది అవుతుందన్న ఊహ బలమైనది. మన నేలమీద ఆ ఊహను యథాతథంగా నాటలేం. ఇక్కడి పంట వరి.

4. వరి తినేచోట గోధుమ

2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం దేశంలోని మూడు ప్రాంతాల్లో 23 వేలకు పైగా వయోజనులను పరీక్షించింది. రక్తంలో సీలియాక్ ప్రతిరక్షకాలు ఉన్నవారు ఉత్తరాదిలో 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం అని తేలింది. జబ్బుకు అవకాశమిచ్చే జన్యువులు ఉత్తరాదిలో 38 శాతం మందిలో, దక్షిణాదిలో 36 శాతం మందిలో ఉన్నాయి. అంటే జన్యువుల్లో పెద్ద తేడా లేదు. రోజువారీ గోధుమ వాడకం మాత్రం ఉత్తరాదిలో సగటున 455 గ్రాములు, దక్షిణాదిలో 25 గ్రాములు.

ఈ అంకెల నుంచి కథకుడు రెండు విషయాలు గ్రహించాలి. తిరువూరు వంటి చోట సీలియాక్ రోగికి అన్నం, జొన్నరొట్టె, మినప్పిండి, పప్పు, కూర అన్నీ తినదగినవే. కంచం పంజాబులోకన్నా సులువు. కాని జబ్బు అరుదు కనుక దాని పేరు విన్నవారు ఉండరు, నమ్మించడం కష్టం. తిండి దొరుకుతుంది, నమ్మకం దొరకదు. తెలుగు నేపథ్యంలో రాసే నవలకు ఉద్రిక్తత ఇక్కడి నుంచి రావాలి.

రెండవది, ఇక్కడ గోధుమ ప్రధానాహారంగా కాక మారువేషంలో వస్తుంది. చక్కెరవ్యాధి వస్తే ‘రాత్రిపూట చపాతీ తినండి’ అంటారు. జబ్బుపడ్డవారిని చూడబోతూ బ్రెడ్డు, హార్లిక్స్ సీసా పట్టుకెళతారు. ఆ పొడిలో ఉన్నది గోధుమపిండి, మొలకెత్తించిన బార్లీ. బలం కోసం ఇచ్చేదే బలహీనపరుస్తుంది. బజారులో దొరికే ఇంగువలో అసలు ఇంగువ కొంతే, మిగిలినది బంక, పిండి. ఆ పిండి చాలా తయారీల్లో గోధుమపిండో మైదానో అయి ఉంటుంది. పులిహోర బియ్యంతో చేసిందే, పోపులో చిటికెడు ఇంగువ దాన్ని అనుమానితుల జాబితాలోకి తెస్తుంది. పిండిమరలో గోధుమలు ఆడించిన వెంటనే జొన్నలు ఆడిస్తే జొన్నపిండిలోకి గోధుమపిండి చేరుతుంది. హోటల్లో పరోటా కాల్చిన పెనం మీదే దోసె పోస్తారు.

‘చిటికెడుకే ఏమవుతుందమ్మా’ అన్న మాటకు వైద్యం జవాబు చెప్పింది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలపాటు లోపలికి పోయినా పేగుపొర దెబ్బతినగలదని పరిశోధనలు చూపాయి. ఒక బ్రెడ్డు ముక్కలో గ్లూటెన్ గ్రాముల లెక్కన ఉంటుంది. గ్లూటెన్ లేనిదని ముద్రించే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశపు ఆహారభద్రతా ప్రమాణం. కాబట్టి చీటీలు చదవడం, వంటవాణ్ణి ప్రశ్నించడం, ఏ గరిటె ఎందులో పెట్టారో గమనించడం ఈ రోగి నిత్యజీవితం. డిటెక్టివ్ వృత్తిగా చేసే పనిని ఈ మనిషి ఆకలి కోసం చేస్తుంది. సీలియాక్ ఉన్న పాత్రను హతురాలిగా కాక పరిశోధకురాలిగా ఊహించడం ఔచిత్యానికి దగ్గరి మార్గం.

తిరస్కరణ మరో ఘట్టం. అన్నవరం ప్రసాదం గోధుమరవ్వతో చేస్తారు. ఇళ్లలో సత్యనారాయణవ్రతానికి చేసేదీ రవ్వప్రసాదమే. ఆ వ్రతకథలో కళావతి ప్రసాదం స్వీకరించకుండా పరుగెత్తినందుకు భర్త పడవతో సహా కనుమరుగవుతాడు. ఆ కథ విన్న వెంటనే, అదే పీట దగ్గర, చేయి చాపని కోడలి పరిస్థితిని ఊహించవచ్చు. ఆ తరువాత ఇంట్లో ఏ కీడు జరిగినా మొదటి అనుమానం ఎవరిమీదకు పోతుందో చెప్పనక్కరలేదు. ఇది రచయిత కల్పించవలసిన ఉత్కంఠ కాదు. సమాజం సిద్ధంగా ఉంచినది.

5. మాటలే ఆధారాలు

తెలుగు నుడికారం ఈ వస్తువుకు ప్రత్యేకమైన సామగ్రిని ఇస్తుంది. ‘పడదు’ అన్న క్రియ చూడండి. ‘ఆమెకు గోధుమ పడదు’ అంటాం, ‘వాళ్లిద్దరికీ పడదు’ అనీ అంటాం. ఇష్టం లేకపోవడం, సరిపడకపోవడం, ఎలర్జీ, వైరం అన్నీ ఒకే మాటలో ఇమిడిపోయాయి. అందువల్లే ‘పడదు’ అని చెప్పిన రోగి మాటను ఎదుటివారు అలవాటుగానో, పెంకితనంగానో తీసుకుంటారు. ఒక సాక్షి చెప్పిన ‘పడదు’ ఏ అర్థంలోనిదో తేల్చడమే ఒక నవలలో మలుపు కాగలదు.

‘పథ్యం’ మరో మాట. మన వాడుకలో పథ్యానికి ఒక గడువు ఉంటుంది. బాలింత పథ్యం, కామెర్ల పథ్యం, మందు పథ్యం అన్నీ ఏదో ఒకరోజు ముగిసేవే. ‘ఇంకా ఎన్నాళ్లు?’ అన్న పరామర్శలో ఆ గడువు మీద నమ్మకం ఉంది. గడువు లేని పథ్యానికి మన వద్ద మాట లేదు. ఈ లోటును గుర్తించిన రచయిత పరామర్శ సంభాషణలు రాసినప్పుడు వాటిలో సహజమైన విషాదం పలుకుతుంది.

‘రవ్వ’ అన్న మాట అచ్చమైన డిటెక్టివ్ ఆధారం. ఇడ్లీరవ్వ బియ్యంతో చేసినది, ఉప్మాకు వాడే బొంబాయిరవ్వ గోధుమది. ‘కొంచెం రవ్వ కలిపానమ్మా, అంతే’ అని వంటమనిషి నిజమే చెబుతుంది. ఆమె అబద్ధమాడలేదు, ఎదుటివారు ఏ రవ్వ అని అడగలేదు. పాఠకుడి కళ్లముందే ఉండి, పాఠకుడు దాటిపోయే ఆధారం ఇలా ఉండాలి.

6. సాక్ష్యం, ముగింపు

రోనాల్డ్ నాక్స్ 1929లో ప్రతిపాదించిన పది నియమాల్లో ఒకటి, ఎవరికీ తెలియని విషాలను, చివర్లో సుదీర్ఘ శాస్త్రీయ వివరణ అవసరమయ్యే సాధనాలను నిషేధిస్తుంది. సీలియాక్‌ను చివరి అధ్యాయంలో వైద్యుడి ఉపన్యాసంగా విప్పే నవల ఈ నియమాన్ని ఉల్లంఘించినట్టే. వ్యాధి సంగతి పాఠకుడికి ముందే తెలియాలి, కనీసం లక్షణాలైనా ముందే కనిపించాలి.

నిర్ధారణలోనూ జాగ్రత్త అవసరం. రక్తంలోని ప్రతిరక్షకాల పరీక్ష, ఆపై ఎండోస్కోపీ ద్వారా పేగుముక్క పరీక్ష చేస్తారు. రోగి గోధుమ తింటూ ఉన్నప్పుడే ఇవి నమ్మదగినవి. ఎవరో చెప్పారని ముందే గోధుమ మానేస్తే ఫలితం తప్పుగా ‘లేదు’ అని రావచ్చు. బాధ తగ్గించుకునే ప్రయత్నమే సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. ‘పరీక్షలో ఏమీ లేదన్నారు కదా’ అన్న మాట ఆ రోగిని అబద్ధాలకోరుగా నిలబెడుతుంది. వైద్యపరమైన ఈ వాస్తవం ఏ కల్పిత మలుపుకూ తీసిపోదు.

దీనికి ఎదురుగా ఒక ప్రలోభం ఉంది. వ్యాధి దగ్గరి రక్తసంబంధికుల్లో వచ్చే అవకాశం ఎక్కువ కనుక, చిన్నప్పుడు తప్పిపోయిన బిడ్డను సీలియాక్ ద్వారా గుర్తించే కథ రాయబుద్ధి కావచ్చు. పుట్టుమచ్చ స్థానంలో జబ్బును పెట్టడమే అది. జనాభాలో మూడోవంతుకు పైగా ఆ జన్యువులను మోస్తున్నప్పుడు, ఇద్దరికి ఒకే జబ్బు ఉండడం బంధుత్వానికి రుజువు కాదు. అనుమానానికి దారి చూపవచ్చు, తీర్పు చెప్పలేదు.

ముగింపే అసలు పరీక్ష. నేరస్థుడు దొరకడంతో అపరాధపరిశోధక నవల పూర్తవుతుంది, లోకం మళ్లీ కుదుటపడుతుంది. సీలియాక్‌లో నేరస్థుడి పేరు తెలిసినరోజే జీవితాంతపు కాపలా మొదలవుతుంది. గ్లూటెన్ మానేశాక కూడా పేగు కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. ఈ ప్రాంతపు పాఠకుడికి ఈ మాట కొత్తది కాదు. ఇదే తిరువూరు డివిజన్‌లోని ఎ.కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల వ్యాధితో బతుకుతున్న కుటుంబాలకు జబ్బు కథ చివరి పుటలో ముగియదని తెలుసు. జబ్బు వేరైనా, రోజూ మళ్లీ మొదలయ్యే ఆ బతుకు ఒకటే. నవలలో హత్య రహస్యం విడిపోయిన మర్నాడు ఆ పాత్ర ఏం తిన్నదో చెప్పే ఒక్క పేరా ఉన్నా, అంతకుముందు చూపిన వ్యాధి నిజమవుతుంది. ఆ పేరా లేకపోతే వ్యాధి పాయసంలో కలిపిన విషంగానే మిగులుతుంది.

7. ఫలితాలు

1. సీలియాక్ వ్యాధిని తక్షణమరణానికి సాధనంగా వాడడం వైద్యరీత్యా అసత్యం, సాహిత్యరీత్యా అనౌచిత్యం. దాని హాని నెమ్మదిగా, పలుమార్లు, ఎక్కువగా ఆప్తుల చేతుల మీదుగా జరుగుతుంది.

2. తెలుగు నేపథ్యంలో ఈ వ్యాధి చుట్టూ ఉన్న ఉద్రిక్తత ఆహారకొరతలో లేదు, అపనమ్మకంలో ఉంది. ఇంగువ, పిండిమర, రవ్వప్రసాదం, హార్లిక్స్ సీసా దానికి సహజమైన ఆధారాలు.

3. ‘పడదు’, ‘పథ్యం’, ‘రవ్వ’ వంటి మాటల అనేకార్థత అనువాదానికి లొంగని రహస్యనిర్మాణానికి తోడ్పడుతుంది.

4. రోగి నిత్యజీవితం స్వయంగా పరిశోధన కాబట్టి, ఆ పాత్రకు హతుల స్థానం కన్నా పరిశోధకుల స్థానం తగినది.

5. నేరం తేలిన తరువాత కూడా వ్యాధి కొనసాగుతున్నట్టు చూపడం వాస్తవిక చిత్రణకు కనీస నియమం.

యుగంధర్ తరం నవలలు పాఠకుడికి ఎవరినీ తేలిగ్గా నమ్మవద్దని నేర్పాయి. ఈ వస్తువుతో వచ్చే నవల దానికి రెండో సగం నేర్పవలసి ఉంది. ఒక మనిషి తన ఒంటి గురించి చెబుతున్నప్పుడు, సాక్ష్యం కంటికి కనపడకపోయినా, ముందు వినాలి.